వేపగింజలో ఏముందో మిడతను అడిగారు

వేప చేదు అని మనందరికీ తెలుసు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేసేది ఆ చేదు కోసమే. కానీ వేపలో ఉన్నది ఒక్క పదార్థం కాదు, చాలా ఉన్నాయి. వాటిని విడదీయడానికి చాలా ఏళ్లు పట్టింది. 'విడదీయడం' అంటే కలిసి ఉన్నవాటిని వేరు చేయడం. ఈ కథకి ఆ మాట ముఖ్యం.

మొదటి పేరు సలీముజ్జమాన్ సిద్దీఖీ. ఆయన జర్మనీలో రసాయనశాస్త్రం చదివారు. తర్వాత ఢిల్లీలో, హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో, యునానీ వైద్యంలో వాడే మొక్కల మీద పనిచేశారు. 1942లో వేపనూనె నుంచి మూడు పదార్థాలు తీశారు. పద్ధతి వినడానికి సులువే. నూనెను ఈథర్, ఆల్కహాల్ లాంటి ద్రవాలతో ఒకదాని తర్వాత ఒకటి కలపాలి. ఒక్కో ద్రవం తనలో కరిగే పదార్థాన్నే పట్టుకుంటుంది. అలా వచ్చినవాటికి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అని పేర్లు పెట్టారు. సంస్కృతంలో వేపను 'నింబ' అంటారు కదా, అదే. 1951లో ఆయన పాకిస్తాన్ వెళ్లిపోయారు. ఆయన పేరు మనవాళ్లు తక్కువగా తలుచుకోవడానికి అదీ ఒక కారణమేమో అని నా అనుమానం.

చేదు దొరికింది, సరే. మరి పురుగును ఆపేది ఏది? అది వేరే ప్రశ్న.

1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చగా ఉన్నదంతా తినేసింది. వేపచెట్లను మాత్రం వదిలేసింది. జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ ష్ముటరర్ అది గమనించారు. 1960ల మొదట్లో ఢిల్లీలో వేపపప్పు నూరి నీళ్లలో కలిపి పంట మీద చల్లితే, అక్కడా మిడతలు ముట్టలేదు.

తర్వాతి పని ఇక్కడ ఇంగ్లండ్‌లో, కీల్ విశ్వవిద్యాలయంలో జరిగింది. బటర్‌వర్త్, మోర్గన్ అనే ఇద్దరు చేశారు. నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. మిడతకు చక్కెర ఇష్టం. చక్కెర నీళ్లలో ముంచిన కాగితాన్ని కూడా తినేస్తుంది. అందుకే వేపగింజల సారాన్ని భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని అలాంటి కాగితానికి పట్టించి మిడతకు పెట్టారు. తింటే ఆ భాగం పక్కన పెట్టేయాలి. తినకపోతే దాన్నే మళ్లీ విడదీయాలి, మళ్లీ పెట్టాలి. చివరికి 1968లో ఒక పదార్థం మిగిలింది: అజాదిరక్టిన్. ఈ పేరు వెనుక ఉన్నవి పారసీ మాటలు, ఆజాద్, దరఖ్త్. దరఖ్త్ అంటే చెట్టు.

"ఇది మా అమ్మమ్మకి ఎప్పుడో తెలుసు" అని చాలామంది అంటారు. సగం నిజం. ధాన్యంలో వేపాకు వేస్తే పురుగు పట్టదని ఆమెకు తెలుసు. గింజలో ఏ పదార్థం ఆ పని చేస్తుందో చెప్పింది మాత్రం ఆ కాగితం, ఆ మిడత.

దాని అణువు ఆకారం పూర్తిగా తెలియడానికి 1980ల దాకా ఆగాల్సి వచ్చింది. కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది 2007లో. 22 ఏళ్లు పట్టింది! పొలంలో రైతు మాత్రం వేపగింజలు దంచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గుడ్డలో వడకట్టి, ఆ కషాయాన్ని సాయంత్రం చల్లుతాడు. సాయంత్రమే ఎందుకంటే, ఎండకి అజాదిరక్టిన్ త్వరగా పాడైపోతుంది.