ఆరు వేల హెర్ట్జ్‌ దగ్గర ఒక ముల్లు

మన వ్యాకరణం శ, ష, స, హలకు ఊష్మాలని పేరు పెట్టింది. ఊష్మమంటే వేడి. పళ్ల సందుల్లోంచి ఊపిరి ఒరుసుకుంటూ వచ్చే స-కారం బలమంతా దాదాపు ఐదు వేల హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. హెడ్‌ఫోన్ ఆ మేర నాలుగైదు డెసిబెల్స్ ఎక్కువ పలికిందంటే ‘సరస’ అన్న తియ్యని మాట కూడా చెవిలో సూదిలా దిగుతుంది. లక్ష రూపాయలు పోసి కొన్న హెడ్‌ఫోన్‌ను విప్పి, లోపల ఫెల్ట్ గుడ్డ అంటించే వింత అలవాటు ఆ సూదిపోటు వల్ల పుట్టిందే.

మొదట్లో ఈ బాధ లేదు. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియెల్ బాల్డ్విన్ వంటింట్లో హెడ్‌ఫోన్లు తయారుచేసి నౌకాదళానికి పంపినప్పుడు, సంకేతాలు వినబడితే అదే పదివేలు. 1937లో జర్మనీ నుంచి బేయర్ సంస్థ డీటీ 48, 1958లో మిల్వాకీ నుంచి కాస్ ఎస్‌పీ-3 స్టీరియో హెడ్‌ఫోన్ వచ్చాయి. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డీ 414 వెనకవైపు తెరిచిపెట్టిన కప్పులతో, తేలికైన ఫోమ్ ప్యాడ్‌లతో దిగింది. హెడ్‌ఫోన్ సంగీతం వినే సాధనమయ్యాక గానీ, పై స్వరాలు గుచ్చుకుంటున్నాయన్న ఫిర్యాదుకు తావు రాలేదు.

ఆ ఫిర్యాదుకు పేరుమోసిన తొలి నాటువైద్యం జరిగింది మాత్రం హెడ్‌ఫోన్‌కు కాదు, స్పీకర్‌కు. 1978లో యమహా ఇళ్లలో వాడుకోవడానికని ఎన్ఎస్-10 విడుదల చేసింది. ఇళ్లవాళ్లు పెద్దగా పట్టించుకోని ఆ తెల్ల కోన్ స్పీకర్లను రికార్డింగ్ స్టూడియోలు నెత్తిన పెట్టుకున్నాయి. కానీ గంటల తరబడి వింటే చెవులు అలిసిపోయేవి. ఇంజినీర్లు ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) మీద టిష్యూ కాగితం అంటించడం మొదలుపెట్టారు. ఏ రకం కాగితం ఎంత తగ్గిస్తుందో బాబ్ హోడాస్ అనే ఇంజినీరు కొలిచి ఏకంగా వ్యాసమే రాశాడు! చివరికి 1987లో యమహాయే ట్వీటర్‌ను సవరించి, ఎన్ఎస్-10ఎం స్టూడియో పేరుతో కొత్త రకం తెచ్చింది. వాడుకరి అంటించిన కాగితం ఇలా కంపెనీ డిజైన్‌లోకి ఎక్కింది.

సరిగ్గా ఇదే కథ మళ్లీ నడిచింది, ఈసారి చాలా ఖరీదైన వేదిక మీద. 2009లో హానోవర్ దగ్గరి వేడెమార్క్ నుంచి సెన్‌హైజర్ హెచ్‌డీ 800 వచ్చింది. దాని రూపకల్పనకు సారథి ఆక్సెల్ గ్రెల్. అమెరికాలో ధర సుమారు 1,400 డాలర్లు. ధ్వనిని పుట్టించే 56 మిల్లీమీటర్ల డ్రైవర్‌లో మామూలు గుండ్రటి పొరకు బదులు, గారెలా నడుమ చిల్లు ఉన్న పొర పెట్టారు. పెద్ద పొర అదురుతున్నప్పుడు మధ్యభాగం అదుపు తప్పి వేరే దారి పట్టడమే అసలు చిక్కు. మధ్యభాగాన్నే తీసేస్తే ఆ చిక్కు చాలావరకు వదులుతుంది. విశాలంగా, విడివిడిగా వినిపించే దాని ధ్వనిని అంతా మెచ్చుకున్నారు. అయితే కొలతల గ్రాఫులో ఆరు వేల హెర్ట్జ్‌ దగ్గర ఒక ముల్లు పొడుచుకొచ్చింది.

ఎందుకు? ఆ పౌనఃపున్యంలో ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 5.7 సెంటీమీటర్లు. చెవి చుట్టూ ఉండే కప్పులోని దూరాలూ ఆ కొలతకు దగ్గరవే. గట్టి గోడల మధ్య ధ్వని అటూఇటూ తగిలి, తనకు తానే తోడై పెరుగుతుంది. అందుకే అభిరుచిపరులు ఇయర్‌ప్యాడ్ ఊడదీసి, డ్రైవర్ చుట్టూ ఉన్న బోసిగా ఉన్న భాగాల మీద ఫెల్టో ఫోమో కత్తిరించి పరిచారు. నచ్చకపోతే పీకేయొచ్చు, హెడ్‌ఫోన్‌కు గీత కూడా పడదు. కానీ ఎక్కువ పరిస్తే ముల్లుతో పాటు ఆ విశాలత్వమూ పోతుంది. కత్తెర పట్టినవాళ్లందరికీ ఈ తూకం కుదరలేదు.

తర్వాతి అడుగు తెలివైనది. గారె చిల్లు ఖాళీగానే ఉంది కదా, దానిలో త్రీడీ ప్రింటర్‌తో చేసిన చిన్న డబ్బీ బిగిస్తే? ఆ డబ్బీ పనిచేసేది సీసాలాగే. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది. మెడలోని గాలి బరువులా, బొజ్జలోని గాలి స్ప్రింగులా పనిచేయడమే కారణం. హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ 1863 నాటి తన గ్రంథంలో వివరించిన అనునాదిని ఇదే. లోపల కాస్త పీచు పెడితే అది పలకడం మానేసి, ఆ ఒక్క స్వరాన్నే మింగేస్తుంది. మింగిన శక్తి లేశమాత్రపు వేడిగా మారుతుంది. ఊష్మాల పోటు చివరికి ఊష్మంగానే చల్లారుతుందన్నమాట.

2016లో సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఎస్ తెచ్చింది. నల్ల రంగు, 1,700 డాలర్ల ధర, చిల్లులో కంపెనీవారే బిగించిన శోషక గది. ఆరు వేల దగ్గరి ముల్లు చాలావరకు వంగింది. అభిరుచిపరుల ఆలోచనే కంపెనీ ఎత్తుకుందని కొందరు గుసగుసలాడారు. అది అన్యాయం. 2012లో ఇదే సంస్థ చెవిలో దూర్చుకునే ఐఈ 800లో రెండు గదుల శోషకాన్ని వాడేసింది. భౌతికశాస్త్రం ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి.

కంప్యూటర్‌లో ఈక్వలైజర్‌తో ముల్లును విరిచేయొచ్చు కదా అంటే, విరిచేయొచ్చు. అదే చవక కూడా. కాకపోతే ఆరు వేలకు పైన ముల్లు ఎక్కడ పొడుస్తుందన్నది చెవి డొప్పను బట్టి, కప్పు పెట్టుకున్న తీరును బట్టి కదులుతుంది. ఒకరి గ్రాఫు మరొకరి చెవికి అతకదు.

కత్తెర పట్టిన చేతులు కొన్ని ఫ్యాక్టరీ దాకా వెళ్లాయి. జపాన్ సంస్థ ఫోస్టెక్స్ తయారుచేసే టీ50ఆర్‌పీ చాలాకాలం సవరణలు చేసేవాళ్ల ప్రయోగశాల. కప్పుల్లో బంకమట్టి, దూది, ఫెల్ట్ కూరని వాళ్లు తక్కువ. దాన్నే సవరించి మ్యాడ్ డాగ్ పేరుతో అమ్మిన డాన్ క్లార్క్, తర్వాత సొంత హెడ్‌ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. 2021లో ఆయన సంస్థ నుంచి వచ్చిన స్టెల్త్‌లో డ్రైవర్‌కూ చెవికీ నడుమ ఒక పలక ఉంటుంది. దానిలోని సన్నని గొట్టాలు, గదులు ఒక్కో పౌనఃపున్యానికి ఒక్కో కొలతలో ఉంటాయి. దానికి మెటామెటీరియల్ అని పేరు. సీసా మూతి సూత్రం అక్కడ ఒక్క చిల్లుతో ఆగకుండా పలక నిండా పరుచుకుంది. విడుదలైనప్పుడు ఆ హెడ్‌ఫోన్ ధర 4,000 డాలర్లు.