అమ్మిన సరుకు వాపసు లేదా?

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు, మార్చబడదు.’ తిరుపతి, చిత్తూరు అంగళ్లలో ఇచ్చే బిల్లుల అడుగున ఈ వాక్యం ఇప్పటికీ కనిపిస్తుంటుంది. అది చదివి, తిరగని మిక్సీని పట్టుకొని నోరెత్తకుండా ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ఎందరో! లోపమున్న సరుకు విషయంలో ఆ వాక్యం చెల్లదని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

దాని వేళ్లు ఇంగ్లండులో ఉన్నాయి. మంచీ చెడూ చూసుకోవలసింది కొనేవాడేనన్నది అక్కడి పాత సూత్రం. మన 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం కూడా దాన్నే పట్టుకుంది. కొన్ని మినహాయింపులైతే ఇచ్చింది. ఏ పనికో చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే ఆ సరుకు ఆ పనికి పనికిరావాలంది. అయితే ఆ న్యాయం కోసం సివిల్ కోర్టు వాయిదాలకు తిరగాలి. ఒక కుక్కర్ కోసం అంత దూరం ఎవరు పోతారు?

1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి ఆమోదం లభించాక, లక్ష రూపాయల లోపు తగాదాలు జిల్లా ఫోరంలోనే, లాయరు లేకుండానే చెప్పుకునే వీలు కలిగింది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చిత్తూరుకొకటి, తిరుపతికొకటి ఫోరంలు వచ్చాయి.

అసలు చిక్కు విత్తనాల దగ్గర పడింది. వేరుశనగ నమ్ముకున్న ఈ సీమకు ఆ బాధ బాగా తెలుసు. అనుమానమున్న సరుకును పరీక్షకు ల్యాబుకు పంపాలంటుంది చట్టం. మిక్సీనైతే పంపొచ్చు. రైతు కొన్న గింజలన్నీ దుక్కిలోకి పోతాయి. మొలక రాలేదని తెలిసేసరికి చేతిలో ఒక్క గింజా మిగలదు. జాతీయ విత్తనాల సంస్థపై ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లో ఆ సంస్థ దీన్నే అడ్డం పెట్టింది. అసలు రైతులు వినియోగదారులే కారని కూడా వాదించింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు రెండు వాదనలనూ తోసేసింది. పరీక్ష కోసం విత్తనాలు దాచి ఉంచాలని రైతును అడగడం కుదరదంది. ఈ చట్టం చరిత్రలో ఇంతకు మించిన తీర్పు లేదంటాను. లోపమున్న వస్తువు చూపించలేని మనిషికి కూడా న్యాయం అందిందప్పుడు.

2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం తిరుపతికి ప్రత్యేకంగా అక్కరకొచ్చేది. అంతకుముందు అమ్మినవాడి ఊళ్లోనో, వ్యవహారం జరిగిన చోటో ఫిర్యాదు వేయాల్సి వచ్చేది. కొండకొచ్చి ఇక్కడ ఏదో కొనుక్కెళ్లిన శ్రీకాకుళం యాత్రికుడు కేసు కోసం మళ్లీ రైలెక్కాలి. ఇప్పుడు, ఫోరం స్థానంలో వచ్చిన తన ఊరి జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో బెంగళూరు కంపెనీ నుంచి తెప్పించుకున్న తిరుపతివాసికీ అదే వీలు. కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం ఈ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. కాబట్టి బిల్లు అడిగి తీసుకోండి. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.