రంగు దిగని కథ

పోయిన శ్రావణమాసంలో ఒక కలంకారీ చీర కొన్నాను. కొట్టు పేరు చెప్పను. తప్పు సగం నాది కూడా. పదిహేను వందల చీర ఏడువందలకే ఇస్తానంటే, ఎలా ఇస్తున్నావయ్యా అని అడక్కుండా సంచిలో వేసుకొచ్చాను కదా! మొదటి ఉతుకులోనే అది తన ఎరుపంతా బకెట్లోకి కుమ్మరించింది. అదే బకెట్లో మావారి తెల్లచొక్కా ఉంది. ఆ తరవాత మా ఇంట్లో ఏ మాటలు నడిచాయో మీరు ఊహించుకోగలరు.

సరిగ్గా అప్పుడే హైదరాబాదు నించి మా మరిది గుడివాడ వచ్చి ఉన్నాడు. అతను కన్సల్టెంటు. అంటే ఏం చేస్తావురా అని మా అత్తగారు అడిగితే, "వ్యాపారం ఎలా చేసుకుంటే లాభమో వ్యాపారస్తులకి చెబుతానమ్మా" అన్నాడు. "అది వాళ్లకి తెలీదూ?" అందావిడ. ఈసారి పెడనలో కొందరు అద్దకం వాళ్లకి ఖర్చులెలా తగ్గించుకోవాలో చెప్పడానికి వచ్చాడు. మావారి చొక్కా చూసి పడీపడీ నవ్వాడు.

"వదినా, అది కలంకారీ కాదు, స్క్రీన్ ప్రింటు. రేపు నాతో రండి, అసలుది చూపిస్తాను."

గుడివాడ నించి బందరు వెళ్లే దారిలోనే పెడన. రైలు దిగి వెళ్లేసరికి ఒక పెద్దాయన బల్ల ముందు నిలబడి టేకు అచ్చుతో గుడ్డ మీద పువ్వులు అద్దుతున్నారు. అచ్చు పెట్టడం, పిడికిలితో ఒక్క గుద్దు, తీయడం. ఒక పువ్వు పక్కన ఇంకో పువ్వు, అతుకు తెలియకుండా.

అద్దడం చూసి అదే పని అనుకుంటాం. కాదట. అది నడిమి మెట్టు. ముందు గుడ్డని ఉతికి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కుండలో వేసి రోజుల తరబడి పులియబెడితే ఒక ద్రవం తయారవుతుంది. అది కరక్కాయ వగరు తగిలిందో లేదో నల్లబడుతుంది. ఇక ఎరుపు కావలసిన చోట అద్దేది ఎర్రరంగు కాదు, పటిక! అప్పటికి గుడ్డ మీద ఎరుపన్నదే ఉండదు. తరవాత గుడ్డని కాలవలో జాడించి, రంగువేసిన గాబులో మరగబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు పూస్తుంది. మిగతా చోట పట్టిన కాస్త రంగూ ఉతుకులకీ ఎండకీ పోతుంది. రంగు గుడ్డ మీద కూచోదు. పటికతో ముడిపడి నూలులోనే ఉండిపోతుంది. అందుకే దిగదు.

మా మరిది నోటుబుక్కు తీశాడు. "ఇన్ని ఉతుకులెందుకు? కాలవదాకా మోసుకుపోవడం ఎందుకు? ఇక్కడే తొట్టి కట్టుకుంటే సగం కూలి మిగులుతుంది కదా!"

పెద్దాయన నవ్వారు. "నిలవ నీళ్లలో జాడిస్తే, ఎక్కువైన పటిక పక్క పువ్వుకి అంటుకుద్ది బాబూ. పారే నీళ్లయితే అంటకుండా తీసుకుపోద్ది. కాలవ మాకు నీళ్లు కాదు, పనిముట్టు."

"పటిక ఎంత కలుపుతారు?"

"నాలిక్కి తగిలించుకుంటే తెలుద్ది."

మా వాడు 'పరిమాణం' అన్న గడిలో 'రుచి' అని రాసుకున్నాడు.

నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. తిరుగు రైల్లో నా పాండిత్యం చూపించే అవకాశం వదులుకుంటానా? బందరు గోలకొండ సుల్తానుల రేవు. 1605లో డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు. ఈ తీరపు అద్దకం గుడ్డలిచ్చి తూర్పు దీవుల్లో లవంగాలూ జాజికాయలూ కొనుక్కునేవాళ్లు. పారశీకానికి వాళ్ల అభిరుచి నమూనాలూ, ఐరోపాకి వాళ్లు పంపిన నమూనాలూ అద్ది పంపేవారు మనవాళ్లు. కొనేవాడి మనసు తెలుసుకోవడానికి అప్పట్లో ఏ కన్సల్టెంటూ లేడు మరి!

ఐరోపా ఆడవాళ్లకి ఈ గుడ్డల మీద ఎంత మోజు పుట్టిందంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలెత్తారు. 1686లో ఫ్రాన్సు ఈ గుడ్డల్ని నిషేధించింది. 1719లో లండన్ వీధుల్లో అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీద నేతగాళ్లు పడి సిరా చల్లారు, బట్టలు చింపారు. 1721లో అక్కడా వాడకాన్నే నిషేధిస్తూ చట్టం వచ్చింది. పొట్ట కొట్టేది వ్యాపారమైతే తన్నులు తినేది కట్టుకున్న ఆడది. ఏ దేశమైనా ఇంతే కాబోలు.

గుడ్డ రాకపోతేనేం, విద్య తెచ్చుకుందామనుకున్నారు. కేర్దూ అనే ఫ్రెంచి పాదిరీ, తన దగ్గర మతం పుచ్చుకున్న అద్దకం పనివాళ్లని అడిగి, కరక్కాయ, గేదెపాలు, పటిక, చిరివేరు దాకా వరసంతా 1742లో ఒక పెద్ద ఉత్తరంగా రాసి స్వదేశానికి పంపాడు. ఆ ఒక్క ఉత్తరంతోనే అంతా జరిగిందనను గాని, అలా రాతలోకి ఎక్కిన విద్యని వాళ్లు పరీక్షించారు, కొలిచారు, యంత్రాలకెక్కించారు. 1783లో రాగి రోలరుతో గుడ్డలద్దే యంత్రానికి పేటెంటు పుట్టింది. చిరివేరులో ఉండే ఎరుపునే 1869 కల్లా జర్మన్లు బొగ్గుతారు నించి తీశారు. ఇవాళ మన కలంకారీలో ఎరుపు చాలావరకు ఆ అలిజరినే. పుట్టింటి విద్య డబ్బాలో దిగుమతయి తిరిగొచ్చిందన్నమాట!

"అయితే నాకంటే ముందే ఒక కన్సల్టెంటు వచ్చి వెళ్లాడంటారు" అన్నాడు మరిది.

"వచ్చాడు. రాసుకుని వెళ్లాడు. మనవాళ్లు నాలిక మీదే ఉంచుకున్నారు."

అన్నాను గాని, నాకు ఆ పెద్దాయన చివర అన్న మాటే గుర్తొస్తోంది. "మా అబ్బాయిలు బెజవాడ వెళ్లిపోయారమ్మా. నా తరవాత ఈ కుండ దగ్గర ఎవరూ లేరు."

ఇంటికొచ్చి అమ్మ పెట్టె తెరిచాను. అందులో అమ్మమ్మ దుప్పటి ఉంది. అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి 10 వేలమందికి పైగా పోయినప్పుడు అమ్మమ్మా పోయింది. మనిషి దొరకలేదు. ఇల్లు నిలవలేదు. ఆవిడ పెట్టె మాత్రం ఎవరి పొలంలోనో బురదలో దొరికిందట. అమ్మ ఆ దుప్పటిని కాలవలో జాడిస్తే ఉప్పూ బురదా పోయాయి, ఎరుపు పోలేదు. నేను పుట్టకముందు మాట ఇది. అమ్మమ్మని నేను చూడలేదు. ఆ ఎరుపునే చూశాను.

దుప్పటి చూసి మరిది చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నోటుబుక్కులో 'ఉతుకులు తగ్గించాలి' అన్న వాక్యం కొట్టేశాడు. "ఖర్చు తగ్గించుకోమని చెప్పాలనుకున్నాను వదినా. అసలు తగ్గించగలిగేది ఆ ఉతుకులే. అవి తగ్గిస్తే ఇంకేం మిగలదు."

నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఆ సలహా ముందిచ్చింది అతను కాదు, నేను. ఏడువందలకి చీర అడిగిన రోజునే ఇచ్చాను. కాలవలో జాడించే ఆ ఉతుకుల డబ్బే బేరంలో నేను తగ్గించింది. ఏ రిపోర్టూ రాయకుండా, మనలాంటివాళ్లం పండగకి పండగకీ ఇస్తున్న సలహా అది.

ఈసారి కలంకారీ కొనేటప్పుడు కొంగు చివర కాస్త తడిపి తెల్లరుమాలుతో రుద్ది చూడండి. రుమాలు తెల్లగానే ఉంటే బేరం ఆడకండి. ఏడువందల చీర సంగతా? ఇప్పుడది మా ఇంట్లో ముక్కలై గిన్నెలు దించే మసిగుడ్డగా ఉంది. ఇంకా రంగు దిగుతూనే ఉంది.