లిపి ఎవరి సొత్తు?

కార్యాలయంలో యంత్రం మారినప్పుడల్లా గుమాస్తా విసుక్కుంటాడు. ఆ విసుగును బద్ధకమనీ, కొత్తదంటే బెదురనీ పైఅధికారులు కొట్టిపారేస్తారు. మన కచేరీల చరిత్ర ముందు ఆ మాట నిలవదు.

నిజాం రాజ్యంలో 1880ల్లో కచేరీ భాష పారశీకం నుంచి ఉర్దూకు మారింది. మున్షీలు ఇబ్బంది పడివుంటారు. తెలుగు మాత్రమే తెలిసిన రైతుకు రెండూ అర్థం కానివే. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. ఇన్ని మార్పుల్లోనూ పాత దస్త్రం మాత్రం మూగబోలేదు. పారశీకం వచ్చినవాడు ఆనాటి కాగితాన్ని ఈనాటికీ చదవగలడు. తెలుగు వచ్చినవాడికి తెలుగు దస్త్రం చదవరాకుండా పోవడం కంప్యూటరు తెచ్చిన వింత.

ఈ వింతకు భౌతికమైన కారణం వుంది. డి.టి.పి. కాలంలో వ్యాపించిన అను వంటి ఖతులు, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చాయి. కంటికి 'క' కనిపిస్తుంది. యంత్రం దాచుకున్నది మరేదో గుర్తు. ఆ ఖతి లేనిచోట పాఠమంతా గజిబిజి. ఒకే ఖతిలో రెండు సంచికలకు కూడా పొంతన కుదరదు. పైగా ఆ టైపు సాధనాలు విండోస్ కోసం తయారైనవి. అక్షరం ఖతికి, ఖతి విండోస్‌కు కట్టుబడిపోయాయి.

1991 చిత్రమైన సంవత్సరం. తెలుగుకు చోటిచ్చిన యూనికోడ్ తొలి సంచిక, భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం, లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు మూడూ ఆ ఏడాదివే. (మన ఆర్థిక సరళీకరణ కూడా ఆ ఏడాదిదే!) ఉమ్మడి సొత్తు కాదగిన లిపికి సాధనాలు అప్పుడే వున్నాయి. అయినా ముద్రణరంగం చాలాకాలం సొంత ఖతులనే పట్టుకుంది. ముద్రణాలయాల పెట్టుబడి, టైపిస్టుల వేళ్ల అలవాటు వాటిలోనే ఇరుక్కున్నాయి గనుక.

2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి, 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపింది. యంత్రం బాగానే నడుస్తూవుంటుంది. కాని విండోస్ 11 అడిగే అర్హత దానికి వుండదు. అప్పుడు లినక్సు మాట వస్తుంది. 2006లో స్థాపించిన తెలంగాణ విశ్వవిద్యాలయం వున్న మా డిచ్‌పల్లిలో సిద్ధాంత వ్యాసాలు టైపుచేసి బతికేవారికి ఇది కూటి సమస్య. ఏళ్లతరబడి ఒక కీలమీటకు అలవాటుపడ్డ చేతిని, 1986 నాటి ఇన్‌స్క్రిప్టు ప్రమాణానికి మళ్లమంటే పని సగానికి పడిపోతుంది. పేజీ లెక్కన కూలి పుచ్చుకునేవాడి విసుగును అజ్ఞానమనడం అన్యాయం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మిత్రులు కూడా ఈ పొరపాటు చేస్తుంటారు.

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్సుకు మారాలని నిర్ణయించింది. మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్వయంగా మేయరు దగ్గరకు వెళ్లినా మాట మారలేదు. సుమారు 15,000 యంత్రాలు మారాయి. 2017లో అదే మండలి తిరిగి విండోస్‌కు ఓటువేసింది. ఉద్యోగుల ఫిర్యాదులు వున్నమాట నిజమే; వాటిని ఆయుధంగా వాడుకున్నది రాజకీయం. కేరళ పాఠశాలల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నిలబడింది. అక్కడ ఉపాధ్యాయ సంఘాలే ముందుండి ఆ కోరిక పెట్టాయి, ఉపాధ్యాయులకు శిక్షణ విస్తృతంగా దొరికింది. మ్యూనిక్‌కు డబ్బు కొరత లేదు, నిపుణుల కొరతా లేదు. కాబట్టి తేడాను యంత్రంలో వెదకడం వృథా.

పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఇప్పుడు దొరుకుతాయి. కాని ఒత్తులు తారుమారవుతాయి, మధ్యలో వున్న ఇంగ్లీషు మాటలు చెడిపోతాయి. ప్రతి పుటనూ ఒక మనిషి కూర్చుని సరిచూడాలి. నేను చూసిన మార్పిడి అంచనాల్లో యంత్రాల ఖరీదు వుంది, తీగల ఖరీదు వుంది. ఆ మనిషి కూర్చునే రోజులకు పద్దు లేదు.