ధర గీసిన వీరులు: పోటీ ఆన్‌లైన్ ఆటల్లో పాత్రల రూపకల్పన

డోటా 2, లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఒకే తల్లి బిడ్డలు. వార్‌క్రాఫ్ట్ 3 ఆటను అభిమానులు తమకు నచ్చినట్టు మార్చుకుని తయారుచేసిన ‘డోటా’ నుంచే రెండూ పుట్టాయి. ఐదుగురికి ఐదుగురు, మూడు దారులు, ఎదుటివారి కోట కూల్చడం. నియమాలు దాదాపు ఒకటే, తేడా అంగడిలో ఉంది. రయట్ గేమ్స్ 2009 అక్టోబరులో లీగ్‌ను 40 మంది ఛాంపియన్లతో, అంటే ఆడే పాత్రలతో, ఉచితంగా విడుదల చేసి, ఛాంపియన్లను విడివిడిగా అమ్మకానికి పెట్టింది. డబ్బు పెట్టలేనివారు ఆడి ఆడి సంపాదించుకోవాలి. వాల్వ్ 2013 జులైలో డోటా 2ను తెచ్చినప్పుడు హీరోలందరినీ ఊరికే ఇచ్చి, వాళ్ల కిరీటాలు, కత్తులు, అంగీలు అమ్మింది. ఈ తేడా పాత్రల శక్తుల్లోకీ రూపంలోకీ ఎలా పాకిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు శక్తుల సంగతి. డోటా 2లో యాంటీ-మేజ్ కొట్టే ప్రతి దెబ్బా ఎదుటివాడి మంత్రబలాన్ని, అంటే మానాను, కాల్చేస్తుంది. మానానే కవచంగా కప్పుకునే మెడూసాకు అతను యముడితో సమానం. సైలెన్సర్ తన అంతిమ మంత్రం వేస్తే మ్యాప్‌లో ఏ మూలనున్నా ప్రత్యర్థులందరి మంత్రాలూ కొన్ని సెకన్లపాటు మూగబోతాయి. ఇంత నిర్దయగా విరుగుళ్లు పెట్టడం చెల్లుతోందంటే, హీరోలందరూ ఆటగాళ్లందరికీ అందుబాటులో ఉన్నారు గనుకే. లీగ్‌లో కొత్తగా చేరినవాడి దగ్గర ఛాంపియన్లు కొద్దిమందే ఉంటారు. విరుగుడు కొనుక్కోలేదు గనుక ఓడిపోవడమే గతి అయితే అతను రెండోరోజు ఆట తెరవడు. అందుకే లీగ్ ఛాంపియన్ ఎవరి ఎదుటైనా ఎంతోకొంత నిలబడేలా, చేతి నేర్పుతో గట్టెక్కేలా తయారవుతాడు. డోటా ఘాటుగానూ లీగ్ మెత్తగానూ ఉండడానికి డిజైనర్ల అభిరుచి ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

ఇక రూపం. నగలు అమ్ముకునే ఆటకు నగ తొడగడానికి వీలైన ఒళ్లు కావాలి. డోటా 2 హీరోలకు తల, భుజాలు, ఆయుధం అంటూ విడివిడి చోట్లు ఉంటాయి. బయటి కళాకారుల కోసం వాల్వ్ ప్రచురించిన మార్గదర్శిని ఆ నగలకు హద్దులు గీసింది: నీడను చూసినా హీరో ఎవరో తెలియాలి, పై నుంచి చూసే కంటికి పైభాగం వెలుగుగా, కాళ్లు మసకగా ఉండాలి. 2020 జూన్‌లో వచ్చిన తుపాకుల ఆట వాలొరెంట్ ఇంకో దారి పట్టింది. అందులో ఆటగాడికి తన ఒళ్లు కనబడదు, చేతిలోని తుపాకీ కనబడుతుంది. కాబట్టి స్కిన్లు, అంటే పైపై వేషాలు, తుపాకులకే అమ్మి, ఏజెంట్లు అనే పాత్రల ఒంటిని ముట్టుకోలేదు.

వ్యాపారం రూపాన్నీ శక్తినీ కలిపి మలిచిన స్పష్టమైన ఉదాహరణ లీగ్‌లోని సెరాఫిన్. 2018లో రయట్ తన ఛాంపియన్లతోనే కె/డీఏ అనే కొరియా పాప్ బృందాన్ని సృష్టించి, పాట విడుదల చేసి, ఆ వేషాలను స్కిన్లుగా అమ్మింది. 2020లో సెరాఫిన్ అనే గాయని పేరుతో సోషల్ మీడియా ఖాతాలు నడిపి, అక్టోబరులో ఆమెను ఛాంపియన్‌గా దించింది. అదే రోజు ఆమె కె/డీఏ స్కిన్ కూడా అత్యధిక ధర శ్రేణిలో అమ్మకానికి వచ్చింది. 2010 నుంచీ ఉన్న వాద్యకారిణి సోనాకు ఈమె నకలని ఆటగాళ్లు మండిపడ్డారు. ఆ మాటలో పస ఉంది. ఇద్దరి ఆయుధమూ సంగీతమే, ఇద్దరికీ వేసే ప్రతి మూడో మంత్రానికీ అదనపు ఫలితం ఉంటుంది, ఇద్దరి అంతిమ మంత్రమూ వరుసలో ఉన్నవాళ్లను నిలువరించేదే. మామూలుగా వీరుడు ముందు, వేషం తర్వాత. ఇక్కడ వేషం వీరురాలిని వెతుక్కుంది.

శక్తినే నేరుగా అమ్మితే ఏమవుతుందో గరీనా ఫ్రీ ఫైర్ చూపించింది. 2022 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం నిషేధించేదాకా మన ఊళ్ల పిల్లల ఫోన్లలోనూ ఆడిన ఆట ఇది. 2019 చివర్లో బ్రెజిల్ డీజే అలోక్ పేరిట వచ్చిన పాత్ర ధర 599 డైమండ్లు, అంటే డబ్బు పెట్టి కొనుక్కునే ఆట నాణేలు. ఆ పాత్ర తన చుట్టూ ఒక వలయం వేస్తే అందులోని జట్టువాళ్లకు వేగం పెరిగి, సెకనుకు 5 పాయింట్ల చొప్పున ప్రాణం తిరిగి వచ్చేది. మొత్తం ప్రాణమే 200 పాయింట్లు. టాప్-అప్ చేయించుకోలేని పిల్లవాడు తన గురి తప్పి ఓడాడో, జేబు ఖాళీగా ఉండి ఓడాడో తేల్చుకోలేడు. పోటీ ఆటకు ఇంతకంటే పెద్ద అన్యాయం లేదని నా అభిప్రాయం.

ఒకే ఆట రెండు వ్యాపారాల కింద నడిచిన సందర్భం ఓవర్‌వాచ్‌ది. బ్లిజార్డ్ 2016 మేలో దాన్ని 21 మంది హీరోలతో డబ్బుకు అమ్మింది, తర్వాత చేరిన హీరోలనూ ఊరికే ఇచ్చింది. మ్యాచ్ మధ్యలో హీరోను మార్చి ఎదుటివారి ఎత్తుకు పైఎత్తు వేయడమే ఆ ఆటకు ప్రాణం. 2022 అక్టోబరులో ఓవర్‌వాచ్ 2 ఉచితమైంది, కొత్త హీరో కిరికో బ్యాటిల్ పాస్‌లోకి, అంటే ఆడుతూ మెట్లెక్కి బహుమతులు అందుకునే పథకంలోకి, వెళ్లింది. డబ్బు కట్టినవారికి ఆమె వెంటనే దక్కింది. కట్టనివారు 55వ మెట్టు దాకా ఎక్కాల్సి వచ్చింది. హీరోలను మార్చుకోవడం కోసమే కట్టిన ఆటలో ఒక హీరోకు తాళం వేయడమంటే చదరంగంలో గుర్రాన్ని అద్దెకివ్వడమే. ఆటగాళ్ల నిరసన ఆగలేదు. 2024 ఏప్రిల్‌లో మొదలైన పదో సీజన్‌తో బ్లిజార్డ్ ఆ తాళాలన్నీ తీసేసింది. స్కిన్ల అమ్మకం మాత్రం అలాగే కొనసాగింది.