మూడు సెకన్ల కీచు, రెండు నిమిషాల మౌనం

"మౌనం అర్ధాంగీకారం" అనే మాటని పెళ్ళిచూపుల దగ్గర్నుంచి ఆస్తి పంపకాల దాకా మన మీద ఎన్నిసార్లు ప్రయోగించారో ఈ పత్రిక పాఠకులకి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ సూత్రం వందలమంది ప్రాణాలు తీసిన చోటు ఇంకొకటి ఉంది. విమానాశ్రయంలో కంట్రోల్ టవర్‌కీ, విమానం నడిపేవాళ్ళకీ మధ్య నడిచే రేడియో సంభాషణ అది.

సాహిత్యం చదువుకున్నదాన్ని, నాకు అక్కడేం పని అని అడగొచ్చు. ప్రమాదాల తర్వాత దర్యాప్తు సంస్థలు ఆ సంభాషణల్ని అక్షరం పొల్లుపోకుండా అచ్చు వేస్తాయి. ఎడమవైపు గంట, నిమిషం, సెకను. దాని పక్కన మాట్లాడిన మనిషి, ఆ పక్కన మాట. చూడటానికి నాటకంలా ఉంటుంది. నాటకంలో మౌనాన్ని రచయిత సూచిస్తాడు. ఇక్కడ దానికి విడిగా వరస ఉండదు. ఒక మాట సమయంలోంచి ఇంకో మాట సమయాన్ని తీసేసి, ఎంతసేపు ఎవరూ మాట్లాడలేదో మనమే లెక్క కట్టుకోవాలి. స్త్రీల చరిత్ర చదవడానికి అలవాటుపడ్డవాళ్ళకి ఈ లెక్క కొత్తది కాదు.

ముందు ఆ రేడియో పద్ధతి తెలియాలి. ఒక కంట్రోలర్ కింద ఉన్న విమానాలన్నీ సాధారణంగా ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటాయి. ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. మీట నొక్కి మాట్లాడుతున్నంతసేపూ అవతలివాళ్ళ మాట వినపడదు. ఇద్దరు ఒకేసారి నొక్కితే, వింటున్న మూడో మనిషి చెవిలో కీచుమని రొద తప్ప రెండు మాటలూ సరిగా పడవు. తమ మాట చేరలేదని ఆ మాట్లాడిన ఇద్దరికీ తెలియదు.

1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే ద్వీపంలో జరిగింది ఇదే. పక్క ద్వీపంలోని విమానాశ్రయంలో బాంబు పేలడంతో విమానాలన్నిటినీ లోస్ రోడియోస్ అనే చిన్న విమానాశ్రయానికి మళ్ళించారు. పొగమంచు కమ్మింది. కె.ఎల్.ఎం. వారి 747 రన్‌వే చివర బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. పాన్ ఆమ్ వారి 747 అదే రన్‌వే మీద ఎదురుగా నెమ్మదిగా వస్తోంది. ఒకరికొకరు కనపడరు. టవర్‌కి ఇద్దరూ కనపడరు. నేలమీది విమానాల్ని చూపించే రాడార్ అక్కడ లేదు. ఆ పూట కళ్ళ పని కూడా చెవులే చెయ్యాలి.

కె.ఎల్.ఎం. కెప్టెన్ యాకబ్ ఫెల్డ్‌హౌజెన్ ఫాన్ జాంటెన్ ఆ సంస్థలో 747 పైలట్లకి శిక్షణ ఇచ్చే పెద్ద. సంస్థ ప్రకటనల్లో కనిపించే ముఖం ఆయనది. పక్కన కూర్చున్న కో పైలట్‌కి సుమారు రెండు నెలల ముందు ఆ విమానం నడపడానికి పరీక్ష పెట్టి అర్హత ఇచ్చింది ఆయనే. కెప్టెన్ బయల్దేరబోతే, ఇంకా అనుమతి రాలేదని కో పైలట్ ఒకసారి ఆపాడు. తనకు తెలుసుననీ, వెళ్ళి అడగమనీ కెప్టెన్ అన్నాడు. టవర్ నుంచి వెళ్ళవలసిన దారి గురించిన అనుమతి వచ్చింది, టేకాఫ్‌కి కాదు. కాని అందులో 'టేకాఫ్' అన్న మాట ఉంది. కో పైలట్ దాన్ని తిరిగి అప్పజెబుతుండగానే కెప్టెన్ విమానాన్ని కదిలించాడు. రెండోసారి కో పైలట్ ఆపలేదు. టేకాఫ్ దగ్గర ఉన్నామని అర్థం వచ్చే ఒక అస్పష్టమైన వాక్యం మాత్రం రేడియోలో అన్నాడు.

టవర్ 'ఓకే' అంది. తర్వాత రెండు సెకన్ల లోపు విరామం. ఆగండి, నేను పిలుస్తాను అని టవర్ చెబుతుండగా, ఆ విరామం చూసి కంగారుపడ్డ పాన్ ఆమ్ కూడా తామింకా రన్‌వే మీదే ఉన్నామని చెప్పింది. ప్రాణం నిలబెట్టగలిగిన రెండు మాటలూ ఒకేసారి బయల్దేరాయి. కె.ఎల్.ఎం. కాక్‌పిట్‌లో మూడు సెకన్లకి పైగా కీచుమన్న రొద నిండింది. 'ఓకే' ఒక్కటే శుభ్రంగా వినిపించింది.

అయినా ఇంకో అవకాశం మిగిలింది. తర్వాత టవర్‌కీ పాన్ ఆమ్‌కీ మధ్య నడిచిన రెండు మాటలు విని, వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు, ఆ పాన్ ఆమ్ ఇంకా దారి వదల్లేదా అని. మొదటిసారి వినపడకపోతే మళ్ళీ అడిగాడు. వదిలేశాడని కెప్టెన్ నొక్కి చెప్పాడు. ఇంజనీర్ ఇక మాట్లాడలేదు. దాదాపు 15 సెకన్లకి రెండు విమానాలూ ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు.

ఆ కాక్‌పిట్‌లో ఉన్నది ముగ్గురూ మగవాళ్ళే. తెలిసిన విషయాన్ని ప్రశ్న రూపంలో అడగడం, పెద్దవాడు కసిరితే వెనక్కి తగ్గడం ఆడవాళ్ళ స్వభావమని మనకి చెప్పినవాళ్ళు ఈ టేపు వినాలి. అది స్వభావం నుంచి రాదు, కూర్చోబెట్టిన చోటు నుంచి వస్తుంది. ఆ చోట్లో శతాబ్దాలుగా ఉన్నాం కాబట్టి మనం దాన్ని వెంటనే గుర్తుపడతాం, అంతే.

రెండో పాఠం లాస్ ఏంజెలెస్‌ది. 1991 ఫిబ్రవరి 1 సాయంత్రం. టవర్‌లో ఉన్న కంట్రోలర్ స్త్రీ. స్కైవెస్ట్ వారి చిన్న విమానాన్ని ఆమె 24 ఎడమ రన్‌వే మీదకెళ్ళి ఆగమంది. అదే సమయంలో ఇంకో విమానం పొరపాటున వేరే ఫ్రీక్వెన్సీకి మారిపోయింది. ఆమె పిలుస్తూనే ఉంది, జవాబు లేదు. మరో విమానం బయల్దేరడానికి సిద్ధమంటోంది. దాని వివరాలు రాసిన కాగితపు చీటీ ఆమె దగ్గరికి రాలేదు. ఆ వెతుకులాటలో స్కైవెస్ట్ ఆమె మనసులోంచి జారిపోయింది. దిగడానికి వస్తున్న యు.ఎస్.ఎయిర్ బోయింగ్‌కి అదే రన్‌వే ఇచ్చింది. ఆ పైలట్లు ఆజ్ఞని తప్పు లేకుండా తిరిగి చెప్పారు. రన్‌వే మీద స్కైవెస్ట్ రెండు నిమిషాలకి పైగా నిశ్శబ్దంగా ఎదురుచూసింది. అదే ఫ్రీక్వెన్సీలో ఉండి కూడా, మమ్మల్ని మర్చిపోయారా అని అడగలేదు. 35 మంది పోయారు.

ఆమె పొరపాటు చేసింది, అందులో దాపరికం లేదు. కాని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి నివేదిక అక్కడ ఆగలేదు. నేల రాడార్ ఆ సాయంత్రం పనిచెయ్యడం లేదు. టెర్మినల్ దీపాల వెలుగు స్కైవెస్ట్ నిలబడ్డ చోటుని టవర్ నుంచి కనపడకుండా చేసింది. కొద్ది వారాల ముందు ఆమె పనిలో లోపాలున్నాయని పర్యవేక్షకులు రాసుకున్నారు, సరిదిద్దే శిక్షణ మాత్రం ఇవ్వలేదు. ఒక మనిషి మర్చిపోతే ఇంకొకరు పట్టుకునే ఏర్పాటు చెయ్యని టవర్ యాజమాన్యాన్నీ, సరైన మార్గదర్శకత్వం ఇవ్వని విమానయాన శాఖనీ మండలి కారణాల్లో ముందు పెట్టింది. "ఆడమనిషి కదా" అనే మాటకీ, "పాపం ఆమె తప్పేమీ లేదు" అనే మాటకీ రెండిటికీ ఇది జవాబు. వ్యక్తిని బోనెక్కించకుండా, బాధ్యతని మాయం చెయ్యకుండా ఒక తప్పుని ఎలా చదవాలో ఈ నివేదిక నుంచి మనం నేర్చుకోవచ్చు.

ఈ మరణాల తర్వాత మారినవి చూస్తే చిన్న చిన్న మాటలే. టెనెరిఫే తర్వాత 'టేకాఫ్' అన్న పదాన్ని అసలు అనుమతి ఇచ్చేటప్పుడూ, దాన్ని రద్దు చేసేటప్పుడూ తప్ప వాడకూడదన్నారు. 1979లో నాసా జరిపిన సదస్సు నుంచి కాక్‌పిట్‌లో కిందివాళ్ళు మాట్లాడటాన్నీ, కెప్టెన్లు వినటాన్నీ నేర్పే ఆలోచన మొదలైంది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ దాన్ని శిక్షణగా మార్చింది. ధైర్యం ఒకరి సొంత గుణం అనుకున్నంతకాలం ఆ ఫ్లైట్ ఇంజనీర్ లాంటివాళ్ళు ఓడిపోతూనే ఉండేవారు. మళ్ళీ అడగడం ఉద్యోగ ధర్మం అయింది. వినడం కూడా.

అమెరికా విమానయాన శాఖ పైలట్లకిచ్చే సూచనల పుస్తకంలో ఇప్పుడొక గమనిక ఉంది. రన్‌వే మీద ఆగి ఉన్న విమానాల ప్రమాదాల్నీ, తృటిలో తప్పినవాటినీ పరిశీలిస్తే, ఆగమన్న ఆజ్ఞకీ ఆ సంఘటనకీ మధ్య రెండు నిమిషాలో అంతకన్నా ఎక్కువో గడిచిందట. కాబట్టి ఎంతసేపుగా ఎదురుచూస్తున్నారో గమనించుకుని, టవర్‌ని ఎప్పుడు అడగాలో ఆలోచించుకోమంటుంది.

మౌనాన్ని గడియారం పెట్టి కొలిచి, ఇంతకు మించితే అది అంగీకారం కాదు, ప్రమాద సూచన అని రాసుకున్న ఒక వ్యవస్థ ఈ లోకంలో ఉందన్నమాట. దానికోసం వందలమంది చనిపోవలసి వచ్చింది. మన ఇళ్ళలో, మన విశ్వవిద్యాలయ శాఖల్లో, మన సభల్లో ఎవరైనా చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంటే ఆ నిమిషాలు లెక్కపెట్టే పని ఇంకా ఎవరికీ అప్పజెప్పలేదు.