సామాను లారీ ఎక్కాక

సందు మలుపులో డీసీఎం లారీ రివర్సు తీసుకుంటోంది. పొద్దున్నే ఏడింటికల్లా వస్తామన్న బండి, ఎండ నెత్తికెక్కాక వచ్చింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో మా మూడో అంతస్తు బాల్కనీలోంచి నంబరు ప్లేటు కనబడేలా ఫోటో తీసుకుంటున్నాను. బండిలోంచి దిగిన కుర్రాళ్ల చేతుల్లో గోనెపట్టాలు, టేపు చుట్టలు ఉన్నాయి గానీ, ఒంటిమీద కంపెనీ చొక్కాలేమీ లేవు. మంచినీళ్లిస్తూ అడిగితే వాళ్లలో చిన్నవాడు చెబుతున్నాడు: "మేం కంపెనోళ్లం కాదక్కా. పొద్దుగాల అడ్డా మీదికెల్లి తోలుకొచ్చిండ్రు."

ఫోన్లో బేరం కుదిర్చిన మనిషి వేరు. వచ్చి బీరువాలూ మంచాలూ లెక్క రాసుకెళ్లిన మనిషి వేరు. ఇప్పుడు కింద నిలబడి కేకలేస్తున్న సూపర్‌వైజరు ఇంకొకడు. విశాఖపట్నం మధురవాడలో కొత్తింటి దాకా ప్యాకింగు, ఎత్తుడు, దింపుడు, టోలు అన్నీ కలిపి 26 వేలని మాట. అడ్వాన్సు ఫోన్‌పేలో వెళ్లిపోయింది.

గంటలో ఇల్లంతా దుమ్ము, టేపు లాగుతున్న చప్పుడు. బబుల్ షీట్ టీవీకి చుట్టేసరికే అయిపోయింది. మిగతావాటికి పాత అట్టలే. వాషింగ్ మెషీన్ డ్రమ్ము కదలకుండా వెనక బిగించే బోల్టుల్ని మావారు దాచి ఉంచి మరీ చేతికిస్తుంటే, "అవన్నీ ఏం అక్కర్లేదు సార్, టైం లేదు" అని సూపర్‌వైజరు పక్కన పెట్టేస్తున్నాడు. ఫ్రిజ్జుని నిలబెట్టే తీసుకెళ్లాలని నేను చెబుతూనే ఉన్నాను. అది అప్పటికే వెల్లకిలా మెట్లు దిగుతోంది.

అమ్మ మాత్రం కుట్టు మిషను దగ్గర్నుంచి కదలడం లేదు. కాళ్లతో తొక్కే పాత మిషను. దాని మీద జాకెట్లు కుట్టే నన్నూ తమ్ముణ్నీ చదివించింది. "నాయనా, పైభాగం విప్పి వేరే కట్టు. ఈ కాళ్లు పోత ఇనుము. వంగవు, పడితే విరుగుతాయి" అంటోంది. ఆ చిన్నవాడు తలూపి, భుజమ్మీది ఎర్ర తువ్వాలు తీసి, తొక్కుడు పలకకీ కాలికీ మధ్య కుదురుగా చుట్టి ముడేస్తున్నాడు. అడగకుండానే. ఆ రోజంతటిలో మా సామానుని సామానులా చూసింది ఆ పిల్లాడొక్కడే.

తలుపులు మూసేముందు మావారు ఎల్ఆర్ అడిగారు. లారీ నంబరు, సామాను వివరం, కిరాయి అన్నీ రాసి ఇచ్చే రవాణా రసీదు అది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం సరుకు తీసుకున్న రవాణాదారు రసీదు ఇచ్చి తీరాలి. "ఆఫీసు నుంచి వాట్సాప్‌లో పంపిస్తారు సార్" అంటూ సూపర్‌వైజరు బండెక్కేస్తున్నాడు. వాట్సాప్‌లో వచ్చిన కాగితం మీద మా పేరుంది, కిరాయుంది. లారీ నంబరు దగ్గర ఖాళీ. అడుగున చిన్న అక్షరాల్లో "ఓనర్స్ రిస్క్" అని ఉంది, అంటే దారిలో ఏం పాడైనా పూచీ మాదేనని.

గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి మధురవాడ చేరితే ఇల్లు బోసిగా ఉంది. చాప పరుచుకుని లారీ కోసం చూస్తున్నాం. సాయంత్రమైంది, రాత్రయింది. డ్రైవరు ఫోను ఎత్తడు. మర్నాడు వేరే నంబరు నుంచి ఫోను: "మేడం, మీది పార్ట్ లోడు. విజయవాడ ఆటోనగర్ గోడౌన్లో దించాం. చెప్పినదానికంటే సామాను ఎక్కువుంది, లిఫ్టు లేదు, జీఎస్టీ ఉంది. ఇంకో 19 వేలు వేస్తే బండి కదుల్తుంది. లేదంటే గోడౌను అద్దె పడుతుంది. మీ ఇష్టం."

గొంతులో కోపం కూడా లేదు. రోజూ చెప్పే మాటే చెబుతున్నట్టుంది. అమ్మ బీపీ మందుల డబ్బా ఆ పెట్టెల్లోనే ఉంది, పిల్లల పుస్తకాలూ అందులోనే. అవతలి మనిషికి ఆ సంగతి తెలుసు. బేరమంతా దాని మీదే నడుస్తోంది.

పోలీసు స్టేషన్లో ఎస్సై గారు ముందు "డబ్బుల తగాదా కదమ్మా" అన్నారు. బాల్కనీలో తీసిన ఫోటో చూపించాక కుర్చీ చూపించారు. బండి నంబరుతో యజమాని దొరికాడు. స్పీకర్లో అతని మాటలు అందరం వింటున్నాం: "నాకు హైదరాబాద్ నుంచి విజయవాడ వరకే కిరాయి మాట్లాడారండీ. నాకే ఇంకా సగం ఇవ్వలేదు." అంటే 26 వేలు ఒప్పుకున్నవాడికి సొంత బండి లేదు, కూలీలు లేరు, గోడౌను లేదు. ఉన్నదల్లా ఒక ఫోను. మా సంసారం మొత్తం ఆ ఫోను చేతిలో ఉంది. ఇది వ్యాపారం కాదు, దోపిడీ. ఇంకో మాట నా నోట రాదు.

ఎస్సై గారు మాట్లాడాక 19 వేలు 8 వేలకు దిగింది. మావారు ఆ డబ్బు వేస్తూనే, "అభ్యంతరంతో చెల్లిస్తున్నాం" అని మెసేజి పెట్టారు.

ఇప్పుడు మా గేటు ముందు వేరే ఐషర్ బండి ఆగి ఉంది. ఫ్రిజ్జు తలుపు సొట్టపోయింది. వాషింగ్ మెషీన్ని కదిపితే లోపల డ్రమ్ము దడదడమంటోంది. కుట్టు మిషను కాలు రెండు ముక్కలైంది. తువ్వాలు ముడి మాత్రం ఊడలేదు. అమ్మ నేలమీద కూర్చుని ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి చూస్తోంది. విరిగిన చోట ఇనుము బూడిదరంగులో, గరుగ్గా ఉంది. "వెల్డింగు నిలవదమ్మా దీనికి" అంటోంది. ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

నోటీసు పోస్టులో వెళ్లింది. నష్టం గురించి రవాణాదారుకి బుకింగు తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అది దాటితే దావాకు దారి ఉండదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉంటున్న ఊళ్లోనే ఫిర్యాదు చేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల్లోపైతే ఫీజు లేదు. సలహాకి 1915కి ఫోన్ చేయొచ్చు.

మీరు ఇల్లు మారబోతుంటే ఒక్కటే అడుగుతున్నాను. లారీ నంబరు, సామాను జాబితా, మొత్తం కిరాయి రాసి సంతకం పెట్టిన ఎల్ఆర్ మీ చేతికి వచ్చేదాకా ఒక్క పెట్టెని కూడా మెట్లు దిగనివ్వకండి.